నీలిచుక్క చూపే దారి, మెదడు గీసుకునే పటం

హౌరా నుంచి మన వైపు వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ గానీ, చెన్నై మెయిల్ గానీ బయల్దేరిన కాసేపటికే దాటిపోయే మొదటి స్టేషన్ టికియాపారా. అక్కడ ఆగేవి లోకల్ రైళ్లే. పట్టాలను ఆనుకుని, దూరప్రాంతపు బోగీలను కడిగి సరిచూసి పంపే కోచింగ్ డిపో, లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉంటాయి. ఆ పక్కనుంచే హౌరా పాత పారిశ్రామికవాడ మొదలవుతుంది. బెలీలియస్ రోడ్డు మీద, దాని చుట్టుపక్కల లేతు మిషన్ల షాపులు, పోతపని చేసే చిన్నచిన్న ఫౌండ్రీలు, వాటిని ఆనుకునే కాపురాలు, ఒక సందులోంచి ఇంకో సందులోకి తెరుచుకునే దారులు. కారు దూరని చోటికి టోటో అనే బ్యాటరీ రిక్షా పోతుంది, టోటో కూడా పట్టని చోటికి సైకిల్ వ్యాన్ పోతుంది, ఆ తర్వాత మనిషి కాళ్లే. పెద్ద నగరంలో ఫోన్ మ్యాపు మీద ఎంతవరకు ఆధారపడవచ్చో తేల్చుకోవాలంటే కోల్‌కతాలోని విశాలమైన పార్క్ స్ట్రీట్ కన్నా ఇలాంటి పేట మేలు. ఫోన్‌లో నిజానికి రెండు వేర్వేరు సాధనాలు ఒకే తెర మీద ఉన్నాయి. ఒకటి ఊరి పటం. రెండోది, ఆ పటాన్ని చూడాల్సిన అవసరమే లేకుండా కుడికి తిరగమనీ ఎడమకు తిరగమనీ చెప్పే గొంతు. పటం మన తెలివికి తోడవుతుంది, గొంతు మన తెలివికి బదులు పనిచేస్తుంది. రోజూ వాడుతున్నది ఎక్కువగా రెండోదాన్నే కాబట్టి, మనకు జరిగే నష్టమూ అక్కడే ఉందని ఈ అధ్యాయం వాదన.

ముందుగా, తానెక్కడుందో ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉండి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తాయి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారాలుంటాయి. నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత అని అవి ఎడతెగకుండా సంకేతాలు పంపుతుంటాయి. సంకేతం చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి ఉపగ్రహం ఎంత దూరాన ఉందో ఫోన్ లెక్కగడుతుంది. ఇలాంటి దూరాలు మూడు తెలిస్తే చాలుననిపిస్తుంది. కానీ ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. దాని తప్పును కూడా లెక్కలోంచి తీసేయాలి కాబట్టి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. సంకేతం కాంతివేగంతో వస్తుంది గనుక సెకనులో కోటోవంతు తేడా వచ్చినా దూరంలో 30 మీటర్ల తేడా వస్తుంది. ఇంత సున్నితమైన లెక్కలో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని కూడా కలుపుకోక తప్పదు. వేగంగా కదలడం వల్ల ఉపగ్రహంలోని గడియారం రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. అంత ఎత్తున గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. మిగిలిన 38 మైక్రోసెకన్లను సరిదిద్దకపోతే రోజుకు సుమారు 10 కిలోమీటర్ల చొప్పున తప్పు పేరుకుంటూ పోతుంది. ఇప్పటి ఫోన్లు జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాల సంకేతాలను కూడా అందుకుంటాయి. కొన్ని ఫోన్లకు మన నావిక్ సంకేతాలూ అందుతాయి.

ఇంత చేసినా ఆరుబయట, పైన ఆకాశం పూర్తిగా కనిపించే చోట ఫోన్ చూపే స్థానం దాదాపు 5 మీటర్ల వరకు అటూఇటూ కావచ్చు. జాతీయ రహదారి మీద ఇది లెక్కలోకి రాదు. రెండు మూడు మీటర్ల వెడల్పున్న సందులు పక్కపక్కనే సాగే పేటలో మాత్రం ఆ 5 మీటర్లలోనే మనం ఏ సందులో ఉన్నామన్న ప్రశ్న ఇరుక్కుంటుంది. పైగా ఇరుపక్కలా మేడలున్న సందులో ఆకాశం ఒక పేలికంతే కనిపిస్తుంది. సూటిగా రావలసిన సంకేతం గోడకు తగిలి వంకరగా వస్తుంది. దారి పొడవైంది గనుక ఆలస్యం పెరుగుతుంది, ఫోన్ దాన్ని దూరమని పొరబడుతుంది. మ్యాపులో మన చోటును చూపే నీలిచుక్క ఉన్నట్టుండి పక్క సందులోకి దూకడానికి ఒక ముఖ్య కారణం ఇదే. మనం ఎటు తిరిగి ఉన్నామో చెప్పే దిక్సూచి సంగతీ అంతే. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనమైనది, 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్యే ఉంటుంది. దగ్గరలో ఇనుము ఎక్కువగా ఉంటే ఫోన్‌లోని దిక్సూచి పక్కకు తప్పుతుంది. లేతు షాపులు, రైలు పట్టాలు, బోగీలు కలిసి ఉన్న చోట దాని మాటను సందేహంతోనే వినాలి. ఇక 2024 మార్చిలో మొదలైన హౌరా మైదాన్–ఎస్ప్లనేడ్ మెట్రో హుగ్లీ నది కిందుగా పోతుంది. అక్కడ ఉపగ్రహాల సంకేతం అందదు.

స్థానం తెలియడం సగం పని మాత్రమే. మిగతా సగం, ఏ దారి ఏ దారితో కలుస్తుందో తెలియడం. కంప్యూటర్‌కు ఊరంటే బిందువులు, వాటిని కలిపే గీతలు. కూడళ్లు బిందువులు, వీధులు గీతలు, ఒక్కో గీతకు పట్టే సమయం ఒక అంకె. ఈ అల్లికలో రెండు బిందువుల మధ్య అతి తక్కువ ఖర్చయ్యే దారిని వెతికే పద్ధతిని డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆలోచించి 1959లో ప్రచురించాడు. నేటి మ్యాపుల్లో దారి వెతికే పద్ధతులు దాని వారసులే. గణితంలో లోపం లేదు, గీతల్లో ఉంది. టికియాపారాలో పట్టాలకు ఈవల ఒకరు, ఆవల ఒకరు నిలబడితే సూటిగా చూసినప్పుడు వాళ్ల మధ్య దూరం కొద్దిపాటిదే కావచ్చు. నడిచి వెళ్లాలంటే మాత్రం కాలినడక వంతెనో, పట్టాల కింది దారో ఎక్కడుందో తెలియాలి. ఆ ఒక్క గీత డేటాలో లేకపోతే ఫోన్ ఎంతో దూరం చుట్టు తిప్పుతుంది. లేని గీత ఉన్నట్టు నమోదైతే గోడ దగ్గరికి తీసుకుపోయి ఆపుతుంది.

ఈ గీతలను గీసింది ఎవరు? మన దేశంలో చాలాకాలం వివరమైన పటాల తయారీ, పంపకం ప్రభుత్వ అనుమతుల చేతిలో ఉండేవి. ఆ నిబంధనలు బాగా సడలింది 2021 ఫిబ్రవరిలో. అంతకుముందే 2008లో గూగుల్ సంస్థ మ్యాప్ మేకర్ అనే సాధనాన్ని తెచ్చి, ఎవరి వీధిని వాళ్లే గీసుకునే వీలు కల్పించింది. దాని రూపకర్తల్లో ఒకరు తెలుగువాడైన లలితేష్ కాట్రగడ్డ. 2017లో మ్యాప్ మేకర్ మూతపడినా, స్థానికులు అందించిన జ్ఞానం మీద మ్యాపు నిలబడటం ఆగలేదు. రోడ్ల మీద రద్దీ సమాచారం కూడా మనుషుల జేబుల్లోని ఫోన్ల కదలికల నుంచే వస్తుంది. 2020లో జర్మన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 99 ఫోన్లను ఒక చిన్న తోపుడుబండిలో పెట్టుకుని బెర్లిన్ వీధుల్లో మెల్లగా నడిచి, ఖాళీ వీధిని మ్యాపు మీద ట్రాఫిక్‌తో నిండిన ఎర్రగీతగా చూపించాడు. సమాచారం ఎక్కువగా పోగైన చోట మ్యాపు తెలివిగా ఉంటుంది, పోగవని చోట మొద్దుగా ఉంటుంది. 2022 జులైలో వీధి చిత్రాలు చూపే స్ట్రీట్ వ్యూ సేవ మన దేశానికి వచ్చినప్పుడు తొలి పది నగరాల్లో హైదరాబాద్ ఉంది, కోల్‌కతా లేదు. 2024లో ఇరుకు రోడ్లను తప్పించి కార్లకు దారి చెప్పే సదుపాయాన్ని ప్రకటించినప్పుడు కూడా మొదటి ఎనిమిది నగరాల జాబితాలో హైదరాబాద్, భువనేశ్వర్, గువాహటి ఉన్నాయి గానీ కోల్‌కతా గానీ హౌరా గానీ లేవు. ఇరుకు సందుల సమస్య దేశంలో మరీ ఎక్కువగా ఉన్న చోట్లలో ఒకటి అప్పటికి వరసలో వెనకే ఉందన్నమాట.

ఈ లోపాలన్నీ రేపో మాపో తీరిపోవచ్చు. రెండు పౌనఃపున్యాల మీద సంకేతాలు అందుకునే ఫోన్లు ఇప్పటికే గోడల ప్రతిఫలనాన్ని కొంతవరకు కనిపెట్టి వదిలేస్తున్నాయి. కాబట్టి మ్యాపు తప్పు చెబుతుంది గనుక నమ్మకూడదన్న వాదన బలహీనమైనది. మ్యాపు ప్రతి మలుపునూ తప్పు లేకుండా చెప్పిందనే అనుకుందాం. అప్పుడు మనిషి సంగతేమిటన్నది అసలు ప్రశ్న. 1948లో అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టోల్మన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలను వివరిస్తూ, అవి మలుపుల వరసను బట్టీపట్టడం లేదనీ, చిక్కుదారి మొత్తానికి తలలో ఒక పటం వేసుకుంటున్నాయనీ వాదించాడు. అలవాటైన దారిని మూసేస్తే తిండి ఉన్న దిక్కుకు పోయే కొత్త దారిని ఎంచుకోవడం అందుకు ఆయన చూపిన సాక్ష్యాల్లో ఒకటి. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్‌లో కొన్ని నాడీకణాలు ఒక నిర్దిష్ట చోటుకు చేరినప్పుడే చురుగ్గా మారుతున్నాయని కనిపెట్టాడు. 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతుల బృందం దాని పొరుగు భాగంలో నేలంతటినీ షట్కోణపు అల్లికలా కొలిచే కణాలను గుర్తించింది. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. మెదడులో దారి పట్టుకునే పద్ధతి ఇంకొకటి కూడా ఉంది. ఫలానా గుర్తు రాగానే ఫలానా వైపు తిరగడం అనే అలవాటు అది, కాడేట్ కేంద్రకం దాన్ని చూసుకుంటుంది. మొదటిది ఊరిని నేర్చుకుంటుంది, రెండోది ఒక దారిని నేర్చుకుంటుంది. దారి మూతపడినప్పుడు మొదటిదే అక్కరకొస్తుంది.

వాడితే పెరిగే శక్తి ఇది. లండన్ నల్ల టాక్సీ లైసెన్సు కావాలంటే చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపు దాదాపు 25,000 వీధులను నేర్చుకుని పరీక్ష నెగ్గాలి. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. 2000లో ఎలనార్ మెగ్వైర్ బృందం 16 మంది టాక్సీ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేసి చూస్తే, వాళ్ల హిప్పోక్యాంపస్ వెనక భాగం ఇతరుల కన్నా పెద్దదిగా కనిపించింది. పుట్టుకతో అలాంటి మెదడున్నవాళ్లే ఆ వృత్తిలోకి వస్తున్నారేమోనన్న సందేహానికి 2011లో కేథరీన్ వూలెట్‌తో కలిసి మెగ్వైర్ సమాధానం వెతికారు. శిక్షణలో చేరిన 79 మందిని మొదట్లోనే స్కాన్ చేశారు. పరీక్ష నెగ్గింది 39 మంది. ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తే నెగ్గినవాళ్లలోనే ఆ భాగం పెరిగింది. నెగ్గనివాళ్లలోనూ, అసలు చదవనివాళ్లలోనూ మార్పు లేదు. ఊరి వీధులను తలకెక్కించుకోవడం మెదడు నిర్మాణాన్నే మారుస్తుందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

మరి గొంతు చెప్పినట్టు నడిస్తే ఏమవుతుంది? జపాన్‌లో తోరు ఇషికావా బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి జీపీఎస్ పరికరం, కొందరికి కాగితపు పటం ఇచ్చారు. మరికొందరికి ఎవరో వెంటబెట్టుకుని ఒకసారి దారి చూపించారు. తర్వాత అందరూ ఎవరికి వాళ్లుగా నడిచారు. మిగతావాళ్లతో పోలిస్తే జీపీఎస్ పట్టుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు, ఆఖర్న నడిచిన దారి బొమ్మ గీయమంటే, వెంట నడిచి దారి చూసినవాళ్ల కన్నా తక్కువ పొందికగా గీశారు. 2017లో లండన్‌లో హ్యూగో స్పియర్స్ బృందం 24 మందిని సోహో వీధుల వీడియోలో దారి వెతుక్కోమని చెప్పి, అదే సమయంలో వాళ్ల మెదడు పనిని కొలిచింది. సొంతంగా దారి చూసుకుంటున్నప్పుడు కొత్త వీధిలో అడుగుపెట్టగానే, అక్కడినుంచి ఎన్ని దారులు చీలుతున్నాయో దాన్ని బట్టి హిప్పోక్యాంపస్ చురుకుదనం పెరిగింది. యంత్రం చెప్పిన మలుపులు తిరుగుతున్నప్పుడు ఆ జాడే లేదు. చీలే దారులు మన లెక్కలోకే రావడం లేదన్నమాట. వేరుగా ఎటూ పోవలసిన పని లేనప్పుడు మెదడు వాటిని ఎందుకు పట్టించుకుంటుంది?

ఇక్కడే టికియాపారా లాంటి పేట విలువ తెలుస్తుంది. సీ హీరో క్వెస్ట్ అనే ఫోన్ ఆట ద్వారా 38 దేశాల్లో దాదాపు నాలుగు లక్షల మంది నుంచి సేకరించిన ఫలితాలను ఆంటోయిన్ కూత్రో, స్పియర్స్, వారి సహచరులు 2022లో నేచర్ పత్రికలో ప్రచురించారు. గళ్ల నోటుబుక్కులా తిన్నగా గీసిన వీధుల నగరాల్లో పెరిగినవాళ్ల కన్నా, వంకరటింకర వీధుల మధ్యనో పల్లెల్లోనో పెరిగినవాళ్లు సగటున దారి పట్టడంలో మెరుగ్గా ఉన్నారు. వీధులు ఎంత అడ్డదిడ్డంగా ఉంటే మెదడుకు అంత సాధన. హుగ్లీకి అవతల, అక్షరాల పేర్లతో బ్లాకులుగా విభజించి కట్టిన సాల్ట్‌లేక్ ఒక రకం నగరం; పట్టాలు, ఫ్యాక్టరీలు, పాత తోటల గట్లు మిగిల్చిన సందుల్లో తనంతట తాను పెరిగిన హౌరా ఇంకో రకం. ఆ అధ్యయనం చెప్పిందాన్ని బట్టి చూస్తే హౌరా సందుల్లో పెరిగే పిల్లలకు సహజంగా దొరికే సాధన ఎక్కువే ఉండాలి. అదే పిల్లలు చేతిలో ఫోన్ పెట్టుకుని ప్రతి మలుపూ దాన్నడిగే తిరిగితే, ఆ సాధనను ఫోన్ తీసుకుంటుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, దిక్కు తెలియనివాళ్లే జీపీఎస్ ఎక్కువగా వాడతారు గనుక కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నామన్నది. న్యాయమైన ప్రశ్నే. 2020లో లుయీసా దహ్మానీ, వెరోనిక్ బోబో 50 మంది డ్రైవర్లను పరిశీలించి, జీవితంలో జీపీఎస్ ఎక్కువగా వాడినవాళ్లలో చోటుకు సంబంధించిన జ్ఞాపకశక్తి తక్కువగా ఉందని తేల్చారు. తమకు దిక్కు తెలియదనుకోవడం వల్లే వాళ్లు ఎక్కువగా వాడారనడానికి ఆధారం కనిపించలేదు. మూడేళ్ల తర్వాత 13 మందిని మళ్లీ పరీక్షిస్తే, ఈ మధ్యలో ఎక్కువగా వాడినవాళ్లలో క్షీణత ఎక్కువగా ఉంది. 13 మంది చాలా చిన్న సంఖ్య. దీని ఒక్కదాని మీద తీర్పు చెప్పడం తొందరపాటు. అయితే ఇషికావా ప్రయోగంలో ఎవరి చేతికి ఏ పరికరం వెళ్లాలో నిర్ణయించింది పరిశోధకులే గనుక అక్కడ ఆ సందేహానికి తావు తక్కువ. మెదడు శాశ్వతంగా పాడవుతుందని ఈ సాక్ష్యాలు నిరూపించవు. గొంతును వింటూ నడిచిన నడకలో ఊరిని పెద్దగా నేర్చుకోమని మాత్రం గట్టిగా చెబుతాయి. ఈ వాదనకు అంత చాలు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం మానేశాం, ఎక్కాలు కాలిక్యులేటర్‌కు అప్పగించాం, ఏ కొంపా మునగలేదు. దారులను మాత్రం ఎందుకు మోయాలి? ఫోన్ నంబరు దేనికీ అంటుకోని విడి సమాచారం. ఒక నంబరు మరచిపోతే ఇంకొకటి చెడదు. ఊరి పటం అలాంటిది కాదు. స్టేషన్‌కు బెలీలియస్ రోడ్డు ఏ వైపో, పట్టాలు దాటే చోటు ఎక్కడో తెలిసినవాడికి కొత్త చిరునామా చెబితే, అది తెలిసినవాటి మధ్య ఎక్కడ పడుతుందో వెంటనే తడుతుంది. ఎంతసేపట్లో చేరగలడో, ఆటోవాడు చుట్టు తిప్పుతున్నాడో లేదో, ఈ దారి మూసుకుంటే ఇంకేది ఉందో అన్నీ దానిమీదే ఆధారపడతాయి. 2024 మేలో హైదరాబాద్ నుంచి వెళ్లిన నలుగురు పర్యాటకులు కేరళలోని కురుప్పంతర దగ్గర, ఫోన్ చూపిన దారిలోనే పోయి, వర్షాలకు పొంగిన వాగులోకి కారును దించేశారు. ప్రాణాలతో బయటపడ్డారు, కారు మునిగిపోయింది. రాత్రి, వాన, కొత్త చోటు; వాళ్లను తప్పుపట్టలేం. ఇక్కడ చూడవలసింది తెర మీద గీతగా కనిపించే దారికీ, కళ్లముందున్న నేలకూ మధ్య తీర్పు ఎవరు చెప్పాలన్నది. వానాకాలంలో బెలీలియస్ రోడ్డు, పంచాననతలా రోడ్డు పరిసరాల్లో నీళ్లు నిలవడం మామూలే, టికియాపారా యార్డులో నీళ్లు చేరి రైళ్లు ఆలస్యమవడమూ తెలిసిందే. ఏ సందులో మోకాలి లోతు నీళ్లున్నాయో మ్యాపు కన్నా ముందు చెప్పేది ఆ వీధి మనుషులే. ఆ మాట విని దారి మార్చుకోవాలంటే తలలో రెండో దారి ఉండాలి.

మూడో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకుని తీరాలి. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కూలీలు వందేళ్ల క్రితమే వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కర్మాగారం పెట్టాక అక్కడ తెలుగువాళ్లు ఎంతగా స్థిరపడ్డారంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ తొలి తరం మిల్లు కూలీలకు కొత్త ఊళ్లో పని, గది, దారి చాలావరకు కూలీలను కుదిర్చే సర్దారు చేతిలో ఉండేవి. సర్దారు చూపిందే లోకం. నేడు బెంగాలీ ముక్క రాని మనిషి హౌరాలో దిగి, తెలుగులో మాట్లాడే ఫోన్‌తో ఎవరి ప్రాపకమూ లేకుండా పనిచోటుకు చేరగలడు. రాత్రిపూట ఒంటరిగా వచ్చే స్త్రీకి ఎవరినీ దారి అడగనవసరం లేకపోవడమే ఒక రక్షణ. ఇది చిన్న మేలు కాదు, దీన్ని తోసిపుచ్చే వాదన నిలవదు. అయితే ఈ మేలు మొదటి రోజుది, కొత్తవాడిది. ఆర్నెల్లు గడిచాక కూడా అదే దారికి అదే గొంతు కావలసివస్తే, ఒకప్పుడు సర్దారు మీద ఉన్న ఆధారం ఫోన్ మీదికి మారిందనే చెప్పాలి.

అందువల్ల ఫోన్ పారేయమనడం తెలివితక్కువ సలహా. వాడే తీరు మార్చుకోవడం సాధ్యం, దానికి ఖర్చు లేదు. బయల్దేరేముందు దారి మొత్తాన్ని ఒకసారి తెర మీద చూడటం, పట్టాలు ఏ వైపో నది ఏ వైపో గుర్తుపెట్టుకోవడం, మ్యాపును మనతోపాటు గిరగిరా తిరగనివ్వకుండా ఉత్తరం పైకి ఉండేలా స్థిరంగా పెట్టడం, తెలిసిన దారిలో తిరిగి వచ్చేటప్పుడు గొంతు ఆపేసి, చిక్కుపడితేనే తెర తీయడం: ఇవి గొంతును పక్కనబెట్టి పటాన్ని వాడుకునే మార్గాలు. తయారుచేసేవాళ్లూ చేయగలిగింది ఉంది. మన దేశంలో జనం దారి చెప్పేది వీధి పేర్లతో కాదనీ, కొండగుర్తులతోననీ గమనించి గూగుల్ 2009లోనే ఇక్కడి మ్యాపుల్లో గుడి, పెట్రోలు బంకు లాంటి ఆనవాళ్లతో సూచనలు చేర్చింది. 200 మీటర్ల తర్వాత కుడికి అన్న మాట కన్నా రామాలయం దాటాక కుడికి అన్న మాట మనిషి తల పైకెత్తిస్తుంది, చుట్టూ చూడమంటుంది. మునిసిపాలిటీలు సందు మొదట్లో పేరు, పట్టాలు దాటే చోటు, నీళ్లు నిలిచే చోటు తెలిపే బోర్డులు పెడితే ఫోన్ లేనివాడికీ, ఉన్నవాడికీ ఊరు చదవడం వస్తుంది. మ్యాపు బాగుపడాలన్నా ఆ సందుల్లో నడిచి, తప్పు ఇక్కడుందని చెప్పగలిగిన మనుషులు కావాలి. ఊరు తెలిసినవాళ్లు తగ్గిపోయిన పేటలో ఆ తప్పును దిద్దేవాళ్లూ తగ్గిపోతారు. మ్యాపు మీద పూర్తిగా ఆధారపడిన ఊరు, ఆఖరికి ఆ మ్యాపునే పాతబడనిస్తుంది.